ఇద్దరికి ఒక్క డిఫెండర్ అడ్డం ఉన్నప్పుడు

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్‌లో కౌంటర్ అటాక్‌లో, అంటే బంతి చిక్కగానే చేసే ఎదురుదాడిలో, ముగ్గురు ఫార్వర్డ్‌లకు ఇద్దరు డిఫెండర్లే ఎదురున్నా గోల్ పడలేదంటే, క్రీడా పేజీల్లో తరచూ కనిపించే మాట ‘స్వార్థం’. పక్కవాడికి బంతి ఇవ్వలేదని ఆటగాడిని తప్పుపడతారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే నాకు ఆ మాట చదివినప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే మైదానంలో నేను రోజూ చూసేది దీనికి తలకిందులు. తొందరపడి పాస్ ఇచ్చేయడం వల్లే ఎక్కువ అవకాశాలు పాడవుతున్నాయి.

ఇద్దరు అటాకర్లకు ఒక్క డిఫెండర్ అడ్డం ఉన్నాడనుకోండి. అతను ఇంకా పదిహేను మీటర్ల దూరంలో ఉండగానే పాస్ వెళ్లిపోతే, తీరిగ్గా అటు జరిగి నిలబడతాడు. ఇచ్చినవాడు ఆటలోంచి తప్పుకున్నట్టే. ఇద్దరి బలం ఒక్కడిదై కూర్చుంటుంది. అందుకే మా పిల్లలకు చెబుతాను: బంతితో నేరుగా డిఫెండర్ మీదికే వెళ్లు. అతను నీ కోసం కాలు చాపాలి, ఒళ్లు నీ వైపు తిప్పాలి. రెండు మూడు మీటర్ల దూరంలో ఆ క్షణం వస్తుంది. అప్పుడివ్వు పాస్, పక్కవాడి పరుగుకు కాస్త ముందుకి. నిన్ను వదిలేసి అతను పక్కవాడినే కాచుకుంటే ఇక పాస్ ఎందుకు? దూసుకెళ్లి గోల్‌కి కొట్టు.

బంతి లేనివాడి పని ఇంకా కష్టం. ఉత్సాహం కొద్దీ దగ్గరికి వచ్చేస్తే ఒక్క డిఫెండరే ఇద్దరినీ కాచేస్తాడు. పాస్ ఇచ్చేలోపే బంతినీ డిఫెండర్‌నూ దాటి ముందుకు ఉరికితే ఆఫ్‌సైడ్ అనే తప్పు కింద ఆట ఆపేస్తారు. ఎడంగా, బంతికి ఒక అడుగు వెనకే పరుగెత్తితే ఆఫ్‌సైడ్ బెడదే ఉండదు.

2018 ప్రపంచకప్ ప్రిక్వార్టర్స్‌లో జపాన్ మీద బెల్జియం చేసిన మూడో గోల్ మా పిల్లలకు పదే పదే చూపిస్తాను. 94వ నిమిషం, స్కోరు 2-2. జపాన్ కొట్టిన కార్నర్‌ను బెల్జియం గోల్‌కీపర్ కోర్టువా పట్టుకుని సహచరుడు డి బ్రుయ్న్‌కు దొర్లించాడు. డి బ్రుయ్న్ బంతిని వెంటనే వదల్లేదు. మైదానం మధ్య గీత దాటి, డిఫెండర్ తన మీదికి వచ్చేదాకా ఆగి, కుడివైపు మునియేకు ఇచ్చాడు. అప్పటికే లుకాకు లోపలికి పరుగెత్తి ఒక డిఫెండర్‌ను తన వెంట లాక్కెళ్లి మునియేకు దారి చేశాడు. మునియే పక్క నుంచి గోల్ ముందుకు కొట్టిన క్రాస్ తన ముందుకే వచ్చినా లుకాకు తాకకుండా వదిలేశాడు. వెనక ఖాళీగా ఉన్న షాడ్లీ గోల్ కొట్టాడు. స్కోరు పట్టికలో షాడ్లీ పేరే ఉంటుంది. నాకు మాత్రం ఆ గోల్‌లో సగం లుకాకుదే.

ఇది మైదానంలో గుర్తులుగా పెట్టే ప్లాస్టిక్ కోన్‌లతో నేర్పితే వచ్చే విద్య కాదు. కోన్ కాలు చాపదు, వెనక్కి తగ్గదు, మోసపోదు. నిజమైన డిఫెండర్‌ను నిలబెట్టాలి. ఇంకొకడిని కొన్ని మీటర్ల వెనక నుంచి తరుముతూ పంపాలి. అప్పుడే ఈ ఆధిక్యం నాలుగైదు సెకన్లు కూడా ఉండదని పిల్లల కాళ్లకు తెలుస్తుంది. ఇద్దరికి ఒకరు కుదిరాక ముగ్గురికి ఇద్దరు.

మీ పేజీలో మ్యాచ్ విశ్లేషణలు రాసేవారికి ఒక విన్నపం. ఇలాంటి అవకాశం చేజారినప్పుడు, పాస్ వెళ్లిన క్షణాన డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో, బంతి లేనివాడు ఎటు పరుగెత్తుతున్నాడో కూడా రాయండి. మా పిల్లలు ఆ పేజీ చదువుతారు.

— ఒక ఫుట్‌బాల్ కోచ్