శ్రీశైలం ప్రయాణానికి ముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నీకు ఇది రాయాలని ఉంది. ఆరాంఘర్‌లో నీ కరెంటు కారు స్క్రీన్ మీద ఇంకా 300 కిలోమీటర్లు వస్తుందని చూపించింది, మహబూబ్‌నగర్ చేరేసరికి సగానికి పడిపోయింది, బ్యాటరీ ఖరాబైందేమో అని టెన్షన్ పడ్డావు. బ్యాటరీకి ఏమీ కాలేదు. షాద్‌నగర్ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని 120లో వచ్చాను అన్నావు చూడు, కరెంటంతా అక్కడ పోయింది.

ఎదురుగాలి ఒత్తిడి వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 80లో పోయినప్పటికంటే 100లో ఒకటిన్నర రెట్లు, 120లో రెండుంబావు రెట్లు. పెట్రోల్ బండిలో ఇంజన్ వేడికే సగానికి పైగా పోతుంది కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. మోటారు వృథా చేసేది తక్కువ, అందుకే గాలికి పెట్టిన ఖర్చు వెంటనే కనపడుతుంది. నీ బండికి సిటీలో మంచి రేంజ్ వచ్చి హైవే మీద తగ్గేది ఇందుకే. మన పాత కారుకు ఇది పూర్తిగా రివర్స్.

ఇంకెన్ని కిలోమీటర్లు వస్తాయని స్క్రీన్ చూపించేది వట్టి అంచనా, దాన్ని నమ్ముకోకు. కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు తింటుందో ఆ అంకె చూడు. 40 యూనిట్ల, అంటే 40,000 వాట్ అవర్ల బ్యాటరీ 130తో నడిస్తే 300 పైన వస్తుంది, 170తో నడిస్తే 235 దగ్గర ఆగుతుంది. నేను బస్సు నడిపినన్నాళ్లూ డిపోలో మా పనితనాన్ని కేఎంపీఎల్‌తోనే చూసేవాళ్లు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చావు అని. నీకు ఈ అంకె అలాంటిదే.

దాన్ని తగ్గించేది నీ కాలే. ముందున్న లారీ బ్రేకు లైటు వెలిగేదాకా ఆగకు, దాని ముందు ఏం జరుగుతుందో చూడు. టోల్‌గేటో, ఊరి దగ్గర బర్రెలో కనపడగానే పెడల్ మీద కాలు కొద్దికొద్దిగా లేపు, ఒక్కసారిగా తీసేయకు. రీజెన్, అంటే కాలు లేపినప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కరెంటు తయారు చేయడం, కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది కానీ నువ్వు పెట్టిందంతా ఇవ్వదు, కాబట్టి అసలు ఆపాల్సిన పని లేకుండా దొర్లుతూ పోవడమే అన్నిటికన్నా లాభం. న్యూట్రల్‌లో మాత్రం వేయకు, రీజెన్ పనిచేయదు, ఘాట్‌లో అయితే ప్రమాదం కూడా.

టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత ఉండాలి, పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించు. ఏసీ బంద్ చేసి మీ అమ్మకు చెమటలు పట్టించకు. హైవే మీద మోటారు తినేదాంట్లో అది చిన్న వాటానే, జామ్‌లో గంటల తరబడి నిలబడినప్పుడే దాని ఖర్చు తెలిసేది.

ఇక శ్రీశైలం సంగతి. బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా పోదాం. అడవిలోకి పోయే ముందే ఛార్జింగ్ చూసుకోవాలి, మన్ననూరు దాటాక ఛార్జర్ దొరుకుతుందని లెక్క పెట్టుకోవద్దు. మన్ననూరు తర్వాత ఎక్కుడు, మళ్లీ డ్యాం దాకా దిగుడు, అక్కడి నుంచి సున్నిపెంట వైపు ఇంకో ఎక్కుడు. ఎక్కేటప్పుడు ఆ వాట్ అవర్ల అంకె ఎగబాకుతుంది, భయపడకు, దిగేటప్పుడు కొంత కరెంటు తిరిగొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. పైన సత్రంలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టే వీలు దొరికినా 100 నింపకు, 90 దగ్గర ఆపు. నిండిన బ్యాటరీలో రీజెన్ కరెంటు పట్టదు, పొద్దున్నే డ్యాం వైపు దిగేటప్పుడు కాలు లేపినా బండి నెమ్మదించక భారమంతా బ్రేకుల మీద పడుతుంది, ఆ మలుపుల్లో అది మంచిది కాదు.

మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. గేటు పడుతుందని తొందరపడి తొక్కితే పైన రాసిందంతా దండగ, కాబట్టి శనివారం మధ్యాహ్నం అన్నం తినగానే బయలుదేరుదాం. శుక్రవారం రాత్రే ఇంటికి వచ్చేయి, మన వాకిట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కు ఎర్తింగ్ చూపించి పెట్టాను.

నాయన