మా పాప సైకాలజీ సంగతి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో "సైకాలజీయా, ఎందుకురా?" అన్నావు. పక్కన జనం ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

బైపీసీ చదివిన పిల్ల డాక్టరీ వద్దంటే ఇంట్లో ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మా అమ్మయితే "పిచ్చోల్ల చదువేటి నాయనా, రేపు సంబంధాలెలాగొస్తాయి?" అని ఒకటే గోల. అదెలాగో సద్దుమణిగింది. ఇప్పుడు ఎక్కడ చేర్చాలన్నదే టెన్షన్.

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీ, బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ, సీయూఈటీ, అదే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష, స్కోరు కలిసొస్తే ఢిల్లీ యూనివర్సిటీ. బెంగళూరు వాళ్ల బ్రోచర్ నువ్వు చూడాలిరా! అద్దాల మేడలు, ఈతకొలను, ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వే పిల్లలు. సిలబస్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు కావాల్సింది ఆ సిలబస్సే. స్టాటిస్టిక్స్ గట్టిగా ఉందా, ప్రయోగాలు నిజంగా చేయిస్తారా అని చూశాను. సైకాలజీ అంటే కబుర్లు కాదు కదా. ముల్లర్-లయర్ అని ఒక ప్రయోగం ఉంటుంది. సమానమైన రెండు గీతలు, ఒకదాని కొసలకు బాణం ములుకులు, రెండోదాని కొసలకు అవే తిరగేసి ఉంటాయి. తిరగేసినదే పొడుగ్గా కనిపిస్తుంది. పాప కాగితం మీద గీసి మా అమ్మకు చూపించింది. స్కేలు పెట్టి కొలిచి చూపించినా ఆవిడ ఒప్పుకుంటేనా! "నీ స్కేలే తప్పే" అంది.

ఇంకో సంగతి. మామూలు బీఏ, బీఎస్సీ ఎంత పేరున్న చోట చేసినా దాంతోనే రోగులను చూసే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. పీజీ చెయ్యాలి, ఆపైన భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. అలాంటప్పుడు డిగ్రీకే లక్షలు పోసేస్తే తర్వాత ఏం పెట్టి చదివిస్తాను? అందుకే బెంగళూరు కొట్టేశాను. మా ఆవిడ ఇంకా కొట్టెయ్యలేదనుకో, ఆ బ్రోచర్ టీవీ దగ్గరే ఉంది.

విశాఖ అయితే మా విజయనగరంలో రైలెక్కితే అరవై కిలోమీటర్లు, ఆదివారం ఇంటికొచ్చేస్తుంది. పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ అక్కడే ఉంది. కె. రామకృష్ణారావు గారు 1967లో పెట్టిన డిపార్ట్‌మెంట్, పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ, అంటే అతీంద్రియ విషయాల చదువు కూడా. నవ్వకు, పునర్జన్మల మీద కూడా పరిశోధన చేశారట. ఒక్కటే చూసుకోవాలి. మన రాష్ట్రంలో 2023లో డిగ్రీకి సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, పెట్టారు కదా, విశాఖలోని ఆ డిగ్రీ కాలేజీలో సైకాలజీ మేజరా, మైనరా అన్నది. మైనరైతే నాకొద్దు.

ఢిల్లీ సీటొస్తే మాత్రం పంపించేస్తాను. ఆనర్స్‌లో సైకాలజీయే ప్రధానం, దేశం నలుమూలల పిల్లలతో కలిసి చదువుకుంటుంది. ఇంగ్లీషుకి మొదట్లో తడబడుతుంది, పడనీ. నా బెంగంతా వసతి గురించే. అన్ని కాలేజీలకీ హాస్టల్ లేదు.

మీ తమ్ముడి కొడుకు నార్త్ క్యాంపస్ దగ్గరే ఉంటున్నాడన్నావు కదా. ఆడపిల్లలకి పేయింగ్ గెస్ట్ గది నెలకి ఎంతవుతుందో, అందులో భోజనం కలిపే ఇస్తారో లేదో కనుక్కుని చెప్పు. సీట్లు ఇవ్వడం మొదలవకముందే కావాలి. ఫోన్ చేసినప్పుడు "నీట్ లాంగ్‌టర్మ్ పెట్టించొచ్చు కదా" అని మాత్రం పాపతో అనకు, నీతో మాట్లాడ్డం మానేస్తుంది.

నీ
విజయనగరం బావ