బాగుపడ్డాక వస్తానన్న తమ్ముడికి

చిన్నాకి అక్క రాయునది. నీకూ, మరదలికీ, పిల్లలకీ ప్రభువు పేరట వందనాలు. నేనిక్కడ క్షేమం. కువైట్‌లో ఎండలు మొదలయ్యాయి. పగలు బయట అడుగు పెట్టలేం. నా పనంతా ఇంట్లోనే కాబట్టి ఇబ్బంది లేదు. నేను చూసుకునే ముసలమ్మగారికి ఆరోగ్యం కుదుటపడింది, ఈ మధ్య రాత్రిళ్ళు నాకూ కాస్త నిద్ర దొరుకుతోంది.

ఫోనుండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో దేవుడి మాట ఎత్తగానే "సరేలే అక్కా, సిగ్నల్ సరిగా లేదు" అంటావు. వాయిస్ మెసేజ్ పెడితే సగం కూడా వినవు. మన పక్క ఊరి అమ్మాయి సెలవు మీద ఇంటికొస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. కాగితమైతే పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఒక్కడివే ఉన్నప్పుడు నిదానంగా చదువుకుంటావని నా ఆశ.

పోయిన బల్ల ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు, అమ్మను బండి మీద చర్చి దాకా దించి, నువ్వు మాత్రం ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నావట. అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నిన్ను అడిగితే అన్నావు కదా, "అప్పు తీరనీ అక్కా, ఈ తాగుడు మాననీ. మనిషినయ్యాక వస్తాలే. ఈ ముఖం పెట్టుకుని బల్ల దగ్గర ఎట్లా కూర్చోను?" అని. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలడం లేదు. దానికి జవాబు చెప్పాలనే కూర్చున్నాను.

నీ కష్టం చిన్నదని నేననను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం చేలో నీళ్ళు నిలిచి, నాటిన పొగాకంతా వేరు కుళ్ళిపోయింది. మళ్ళీ నారు కొన్నావు, మళ్ళీ కూలీలను పెట్టి నాటావు. బ్యారన్ అప్పు మీద ఈ అప్పు వచ్చి పడింది. ఆ రోజుల్లో తెల్లవారుజామున గట్టు మీద మోకాళ్ళూని ప్రార్థన చేసేవాడివని మరదలు చెప్పింది. అయినా ఆలస్యంగా నాటిన తోట కదా, ఆకు సగం కూడా దిగలేదు. ఊళ్ళో మిగతావాళ్ళకు వేలంలో మంచి రేటు పలికిన ఏడాదే మనకు అమ్ముకోవడానికి ఆకు లేకపోయింది. దాని మీద సంఘంలో ఒక పెద్దాయన అందరి ముందూ, "ఇంట్లో ఏదో పాపం ఉంటేనే ఇట్లా జరుగుద్ది" అన్నాడు. ఆ రోజు లేచి బయటికొచ్చినవాడివి మళ్ళీ గడప తొక్కలేదు.

ముందు ఆ పెద్దాయన సంగతి చెప్తాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుతో ఆయన స్నేహితులు కూడా సరిగ్గా అదే అన్నారు. పుస్తకం చివర దేవుడు కోప్పడింది వాళ్ళ మీద, యోబు మీద కాదు. నన్ను గురించి మీరు సరైనది మాట్లాడలేదు అని వాళ్ళతోనే అన్నాడు. యోబు దేవుడి మీద ఎంత మండిపడ్డాడో చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆయన దేవుణ్ణి గురించి ఊళ్ళో చెప్పుకోలేదు, దేవుడితోనే చెప్పుకున్నాడు. నీకు కోపముంటే నువ్వూ ఆయనతోనే చెప్పు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు అడిగాడు, ఆ మాట తీసెయ్యకుండా కీర్తనల్లో ఉంచారు. పెద్దాయన అన్న మాటను దేవుడి మాట అనుకోవద్దు. ఇప్పుడు నాకు అంతకంటే దిగులు, నీ గురించి నువ్వు అనుకుంటున్న మాట.

బాగుపడ్డాక వస్తానంటున్నావు. రోమా పత్రికలో పౌలు ఏమని రాశాడో మళ్ళీ చూడు. "శత్రువులమై యుండగా" ఆయన కుమారుని మరణం ద్వారా దేవునితో సమాధానపరచబడ్డామని రాశాడు. మంచివాళ్ళమయ్యాక అనలేదు, కనీసం క్షమాపణ అడిగాక అని కూడా అనలేదు. మన ఊళ్ళో రెండిళ్ళ మధ్య తగాదా వస్తే తప్పు చేసినవాడే పెద్దమనుషులను వెంటబెట్టుకుని అవతలి గుమ్మం ముందు నిలబడాలి. ఇక్కడ నష్టపోయినవాడే మన గుమ్మానికొచ్చాడు. వచ్చి గద్దించలేదు. "దేవునితో సమాధానపడుడని క్రీస్తు పక్షముగా మిమ్మును బతిమాలుకొనుచున్నాము" అని పౌలు కొరింథీయులకు రాశాడు. పౌలు నోట బతిమాలుతున్నది ఎవరో చూడు చిన్నా. ఆకాశాన్నీ భూమినీ చేసినవాడు మనల్ని బతిమాలుతున్నాడు. నువ్వు అప్పు తీర్చేదాకా ఆయన ఆ మాట వాయిదా వెయ్యలేదు.

అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కదా అని నువ్వొకసారి అన్నావు. ఆ మాట ఉన్న మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయం మొత్తం చదువు. కొరింథు సంఘంలో కలిగినవాళ్ళు ముందే తినేసి మత్తుగా ఉండేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో సిగ్గుపడి నిలబడేవాళ్ళు. పౌలు మండిపడింది దాని గురించి. పేదవాణ్ణి సిగ్గుపరిచే బల్ల ప్రభువు బల్ల కాదన్నాడు. ఆ తర్వాత, "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. పరీక్షించుకుని టీ కొట్టు దగ్గర కూర్చోమని ఎక్కడా లేదు. పరీక్షించుకుని తినమన్నాడు.

పేతురు సంగతి చూడు. ప్రభువును పట్టుకున్న రాత్రి, ఆయనెవరో తెలియదని మూడుసార్లు అన్నాడు. ప్రభువుకు అది ముందే తెలుసు. తెలిసి కూడా, "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. పేతురు పడిపోవడం ఖాయమని తెలిసినా, పడ్డ తర్వాత మిగిలే ఆ కాస్త నమ్మకం కోసం ప్రార్థించాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున ఏం జరిగిందో యోహాను ఇరవై ఒకటిలో ఉంది. రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. తెల్లారాక ప్రభువు చెప్పిన వైపు వేస్తే వల నిండింది. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. ఎవరు చేసి పెట్టారు? ప్రభువే. "రండి భోజనము చేయుడి" అన్నాడు. పేతురు తడిసిన బట్టలతో వచ్చి కూర్చుని తిన్నాడు. "నన్ను ప్రేమించుచున్నావా" అని ప్రభువు అడిగింది భోజనమయ్యాక. నేను ఎన్నోసార్లు చదివిన భాగమే, కానీ నీ మాట విన్నాక చదివితే ఈ వరుస కనబడింది. ముందు పేతురు సంజాయిషీ విని ఆ తర్వాత పళ్ళెం ఇవ్వలేదాయన. నీకూ అంతే. ముందు వచ్చి తిను. అడగాల్సినవి ఆయన అడుగుతాడు, అప్పుడు జవాబు చెప్పుకుందువు.

మన ఒంగోలు సంగతి తాత చెప్పేవాడు గుర్తుందా? అప్పుడు నువ్వు చిన్నవాడివి, మధ్యలోనే నిద్రపోయేవాడివి. 1836లో శామ్యూల్ డే దొరగారు మన తెలుగువాళ్ళ కోసం అమెరికా నుంచి వచ్చారు. ఏళ్ళకేళ్ళు పనిచేసినా పట్టుమని పదిమంది విశ్వాసులు మిగిలేవాళ్ళు కాదు. 1853లో ఈ మిషను మూసేద్దామా అని అక్కడి పెద్దలు సభలో చర్చ పెట్టారు. ఆ మరుసటి నెలల్లోనే, 1854 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే, జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు నుంచి వాళ్ళతో వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. అందులో జూలియా అని మన తెలుగు ఆడమనిషి ఉంది. ఆ పొద్దున వాళ్ళకు కింద కనిపించింది ఒక్క విశ్వాసి కూడా లేని ఊరు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది ఎనిమిది మందితో.

దానికి ముందు ఏడాదే యర్రగుంట్ల పేరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నారు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ మనిషి. వీళ్ళను చేర్చుకుంటే మేము మీ గుమ్మం తొక్కం అని ఊళ్ళో పై కులాలవాళ్ళు అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారితో అన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసాని గారు ఇంకో గదిలో వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకే భాగం వచ్చిందట. "సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి", లోకం తృణీకరించినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం. ఆ రోజు లెక్క ఇంకోలా తేల్చి ఉంటే మన తాతలకు చోటే లేదు. ఈ ముఖంతో ఎట్లా రాను అని నువ్వంటుంటే నాకు అదే గుర్తొస్తుంది. మన సంఘం పుట్టిందే ఆ ప్రశ్నకు రమ్మని జవాబు దొరికిన రోజున.

ఇంకొకటుంది. 1876-78 ధాత కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇవ్వమని జనం ఎంత అడిగినా నెలల తరబడి ఇవ్వలేదు, గింజల కోసం చేరారనే మాట రాకూడదని. కరువు తగ్గి, సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత ఆకలి చూసినవాళ్ళు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు, ఇక ఏమీ దొరకదని తెలిసి కూడా ఏటి ఒడ్డున వరుసలో నిలబడ్డారు. పంట పోయింది కాబట్టి దేవుడు మనల్ని వదిలేశాడు అనుకుని ఉంటే ఆ జులైలో గుండ్లకమ్మ దగ్గరికి ఎవరొస్తారు చెప్పు?

ఇక్కడి సంగతి కూడా ఒకటి చెప్తాను. నాకు సెలవు దొరికిన శుక్రవారం కువైట్ సిటీలోని ఎవాంజెలికల్ చర్చికి వెళ్తాను. ఇక్కడ ఆదివారం పనిరోజు కదా, ఆరాధన శుక్రవారమే. ఒకే ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు. ఒక భాషవాళ్ళు పాడుతూ బయటికొస్తుంటే ఇంకో భాషవాళ్ళు లోపలికి పోతుంటారు. మన తెలుగు ఆరాధనకు కడప వైపు నుంచి వచ్చిన ఇంటి డ్రైవర్ ఒకాయన వచ్చేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు, మంచినీళ్ళ కూలర్ దగ్గర నిలబడి వినేవాడు. ఊళ్ళో అన్నదమ్ముల గొడవ, ఇక్కడికొచ్చాక చెడు సావాసాలు, పెద్ద కథే. ఒక శుక్రవారం బల్ల జరుగుతుంటే పాస్టర్ గారు పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఆ డ్రైవరు చాలాసేపు తలెత్తలేదు. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకుని రెండు చేతులూ చాపాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు, వణుకుతున్నాయి. ఆ రోజు నుంచి అన్నీ మారిపోయాయని నీకు చెప్పను. ఆ తర్వాత కూడా ఆయన రెండు మూడుసార్లు జారిపోయాడు. కానీ జారిన ప్రతిసారీ వారం తిరిగేసరికి లోపలి బెంచీ మీదే ఉంటున్నాడు. ఊళ్ళో అన్నతో ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

విశ్వాసంలో నిలబడటమంటే నాకు తెలిసింది ఇదే. పడకుండా ఉండేవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. కొలొస్సయులకు రాస్తూ పౌలు, దూరంగా ఉన్న మిమ్మల్ని ఆయన ఇప్పుడు సమాధానపరిచాడు అని చెప్పి, వెంటనే "విశ్వాసమందు నిలిచియుండినయెడల" అన్నాడు. మొదట్లో ఆ మాటకు నాకు భయమేసేది. ఇప్పుడు అలా లేదు. నిలవమన్నది నా బలం మీద కాదు, ఆయన వేసిన పునాది మీద. నాకూ ఎండిపోయిన రోజులున్నాయి. తెల్లవారుజామున అజాన్ కంటే ముందు లేచి బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి కానీ మనసుకు ఏదీ అందదు. అప్పుడు ఒక కీర్తన పైకి చదివి మూసేస్తాను. ముసలమ్మగారు తన నమాజు అయ్యాక, నువ్వు ప్రార్థన చేసుకున్నావా అని నన్ను అడుగుతుంది. అయ్యిందమ్మా అంటాను. మనసు పట్టకపోయినా చేసుకున్న ఆ ప్రార్థనే ఆ రోజుకు నన్ను పట్టుకుని ఉంటుంది.

తాగుడు తప్పు కాదని నేననను. అది నిన్నూ, మరదలినీ తినేస్తోంది. దాచిపెట్టొద్దు, పాస్టర్ అయ్యగారితో ఒక్కడివే కూర్చుని చెప్పు. ఒంగోలు వెళ్ళి డాక్టరుకు చూపించుకో. దానికి మందులున్నాయి, అందులో సిగ్గేం లేదు. ఖర్చుకు నేను పంపుతాను. ఆ పెద్దాయనతో కూడా ఒకరోజు మాట్లాడాలి. ఆయన అన్నది ఒప్పని కాదు, నీ గుండెలో ఆ మాట అలాగే ఉండిపోకూడదని. అది వెంటనే కాకపోతే పర్వాలేదు, అయ్యగారిని తోడు తీసుకెళ్ళు.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ బల్ల ఉంటుంది. అమ్మను దించి టీ కొట్టు వైపు పోకు. బండి గోడ పక్కన పెట్టి ఆమెతో లోపలికి నడువు. పాటలు పాడలేకపోతే ఊరికే కూర్చో. పళ్ళెం వచ్చినప్పుడు తీసుకో.

పార్శిల్లో ఖర్జూరాలున్నాయి, అమ్మ మోకాళ్ళకు నూనె ఉంది, పిల్లలకు స్కూల్ సంచులు. చిన్నదానికి గులాబీ రంగుది ఇవ్వు, లేకపోతే ఇద్దరూ కొట్టుకుంటారు. బ్యారన్ ఈ ఏడు అద్దెకిద్దామన్న మాట నాకు నచ్చింది, అమ్మొద్దు మాత్రం. ఉత్తరం చదివాక ఫోన్ చెయ్యి, నేను రాత్రి పది దాటాక ఖాళీగా ఉంటాను.

నీ అక్క