చిట్టితల్లికి నాన్న రాసేది

గుంటూరు,
ఆదివారం

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మామ్మకి మోకాళ్లు కాస్త నయం. మిర్చి యార్డుకి కొత్త కాయ దిగడం మొదలైంది, పొద్దున వెళ్తే రాత్రి దాకా ఊపిరి సలపడం లేదు. మీ అమ్మ రోజూ ఫోన్ చూసుకుంటోంది. పనిలో ఉంటావని నేనే సర్దిచెబుతున్నా. తెల్లవారుజామున చలిగా ఉంటోంది, మందం దుప్పటి కప్పుకుంటున్నావా?

మొన్న బుజ్జిగాడు ఒక మాటన్నాడు. అక్క పరిశోధనల షోకేస్‌కి అబ్‌స్ట్రాక్ట్, అదే తన పని సారాంశం, పంపట్లేదట, సగం రాసి పక్కన పడేసిందట అని. మిర్చిలో తామర పురుగుకి వేపనూనె కొట్టిన మళ్లకీ ఉత్త నీళ్లు కొట్టిన మళ్లకీ తేడా రాలేదు, ఇంక చూపించడానికేముంది అన్నావట. వాడి మాట పట్టుకుని రాయడం లేదులే. ఊరికే చెబుతున్నా.

చిన్న బాబాయి మిర్చి చేను బాగుంది. దాన్ని చూస్తే 2021 గుర్తొస్తుంది. నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయింది కదా. నువ్వే ఒక పువ్వు తుంచి నోట్‌బుక్ తెల్లకాగితం మీద దులిపావు. నల్లటి నలకలు గబగబా పాకాయి. బాబాయి అప్పుచేసి మరీ మందులు కొడుతూనే ఉన్నాడు. పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, మందు దాన్ని తాకదు అని నువ్వు ఆ తర్వాత చదివి చెప్పావు. ఫలానా మోతాదు, ఫలానా దశలో కొడితే ఫలితం లేదు అని ఆ ఏడు ఎవరైనా లెక్కకట్టి చెప్పుంటే బాబాయికి కొన్ని డబ్బాల ఖర్చన్నా మిగిలేది. తేడా రాలేదన్నదీ ఫలితమేనమ్మా. రైతుకి అదీ కావాలి.

మా కొట్లో ఒకసారి ఒక రైతు కాయ దింపాడు. టిక్కీల, అదే మిర్చి బస్తాల, మూతి దగ్గర నిగనిగలాడే తేజ రకం. కొనేవాడు వచ్చి మూతి దగ్గర చెయ్యే పెట్టలేదు. పక్క కుట్టు కోసి నడుమ నుంచి గుప్పెడు లాగాడు. సగం తాలు, రంగుపోయిన కాయ. ఒక్కమాట అనకుండా కింద పోసి పక్క లాటుకి వెళ్లిపోయాడు. ఆ రైతు చెడ్డవాడు కాదు, కళ్లంలో కాయ తడిసింది, ఇంటి నిండా అప్పులు. తాలు వేరుచేసి తెచ్చుంటే ఎర్రకాయ ధర ఎర్రకాయకి వచ్చేది, తాలుకీ కొనేవాళ్లుంటారు. సాయంత్రం దాకా ఎవరూ ఆ వైపు రాలేదు. చివరికి అంతా తాలు ధరకే పోయింది. కొట్టు గుమ్మంలో కూర్చున్నాడు, ఇచ్చిన టీ కూడా ముట్టలేదు.

అబ్‌స్ట్రాక్ట్ ఆ గుప్పెడు కాయ లాంటిది. చదివేవాళ్లు ముందు చూసేది అదే. లోపల ఏముందో అదే అందులో ఉండాలి. నువ్వు అమ్మకి పంపిన రూల్స్ కాగితం నేనూ చదివాను: 250 మాటలు, ఒకే పేరా, పట్టికలు వద్దు. పురుగు చరిత్ర రెండు వాక్యాల్లో ముగించు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించిందన్నది పోస్టర్‌లో చెప్పుకోవచ్చు. ఎన్ని మళ్లు, ఎన్ని మొక్కలు, పువ్వుల్లో పురుగులు ఎలా లెక్కపెట్టావు, అంకెలు ఎంత వచ్చాయి, అవి రాయి. ‘ఫలితాలు సభలో వివరిస్తాం’ అని మాత్రం రాయకు, అలా రాస్తే ఫలితాలు లేవేమో అనుకుంటారు. తేడా రాకపోవడానికి కారణం నీ ఊహ అయితే ఊహ అనే చెప్పు. శాస్త్రీయ నామం స్పెల్లింగ్ ఇంకోసారి చూసుకో. పంపేముందు గైడ్ గారికి చూపించు, ఆయన పేరు ఎక్కడ రావాలో అడుగు. నీళ్ల మళ్ల అంకెలు తీసేద్దామన్న ఆలోచన మాత్రం రానియ్యకు. నీకు రాదని తెలుసు, అయినా చెబుతున్నా.

రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటర్ ముందు కూర్చోకు. అన్నం మానేస్తున్నావని బుజ్జిగాడే చెప్పాడు. గోంగూర పచ్చడి, సున్నుండలు వాడితో పంపుతున్నాం. సీసాలో తడి చెంచా పెట్టకు. ఆఖరి తేదీ శుక్రవారం అని కాగితంలో ఉంది, నువ్వు గురువారమే పంపెయ్యి. పంపాక ఫోన్ చెయ్యి, వేలంలో ఉన్నా ఎత్తుతా.

నాన్న