చెమటోడ్చేటోళ్లకు బీపీ రాదా, శీనూ?

సిరొంచ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర),
ఆదివారం

శీనూ,

నీ ఉత్తరం మొన్న అందింది. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరు చెప్పిండని, రోజూ నడవమన్నడని చదివి మనసు కలుక్కుమన్నది. నీ సంగతి కింద రాస్త. కాని చివర్లో నువ్వొక మాట రాసినవు చూడు, "మీ సిరొంచ దిక్కు జనానికి ఈ బాధ లేదు, పొద్దంతా చేన్లో వంగి లేచేటోళ్లకు బీపీ ఎక్కడిది" అని, అక్కడ ఆగిపోయిన. ఇంటింటికి తిరిగి బీపీ చూసే నాకు రోజూ వినబడే మాటనే అది. దాని సంగతి నీకు మొత్తం చెప్పాలె. చాయ్ పెట్టుకొని కూసొని చదువు.

నా పని నీకు తెలుసు గద, ఉపకేంద్రంలో ఆరోగ్య సేవక్‌ను. ముప్పై ఏళ్లు దాటినోళ్ల ఇండ్లకు ఆశా అక్కతోని పోవాలె, ఒక ఫారం నింపాలె, నడుము కొలవాలె, బీపీ, షుగర్ చూడాలె. ఫారం మరాఠీలో ఉంటది, అడుగుడు తెలుగులో, గూడేలకు పోతే గోండిలో. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: వారానికి 150 నిమిషాలన్నా శరీర శ్రమ చేస్తరా? చేస్తే సున్నా మార్కు, చెయ్యకపోతే ఒకటి. మార్కులు నాలుగు దాటితే ముందుగాల పరీక్షకు పంపాల్సిన మనిషన్న మాట.

గోదారి ఒడ్డు ఊరొకదాంట్లో ఒక పెద్దాయనను ఇదే ప్రశ్న అడిగిన. పకపక నవ్విండు. "పత్తి చేన్లోకి రా సారూ, నిమిషాలు నువ్వే లెక్కపెట్టుకో" అన్నడు. మనిషి ఎండిన కట్టె లెక్క ఉన్నడు, పొట్ట అన్నదే లేదు, టేపు చుడితే 76 సెంటీమీటర్లు. మగోళ్లకు 90 దాక మార్కు పడదు. అటు శ్రమకు సున్నా, ఇటు నడుముకు సున్నా. చెయ్యికి పట్టీ కట్టి చూస్తే బీపీ పై అంకె 180 దాటింది, చాలా ఎక్కువ. కాసేపు కూసోబెట్టి మళ్లా చూసిన, తగ్గలేదు. గోలీల మాట ఎత్తితే "అవి పట్నపోళ్లకు, నేను కష్టం చేసేటోణ్ని" అని తువ్వాల దులుపుకొని లేచిండు. కడుపు మండింది శీనూ, ఆయన మీద కాదు, ఆ నమ్మకం మీద. మనిషిని చూసి ఎవరైనా ఆరోగ్యవంతుడనే అంటరు. మంచి సంగతేందంటే, మార్కులు ఎన్ని వచ్చినా ముప్పై దాటినోళ్లందరికీ బీపీ చూడాలన్నదే రూలు. ఆ ఒక్క రూలు లేకపోతే ఇసొంటోళ్లు మా కంట పడనే పడరు.

ఇది నా ఒక్కని అనుభవం అనుకోకు. మా జిల్లాలోనే ఉత్తరం దిక్కు, ధానోరా రోడ్డు మీద, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పెట్టిన 'సర్చ్' సంస్థ ఉంది. పసిపిల్లల చావులు తగ్గించిన పనితోని లోకమంతా వాళ్లను ఎరుగుతది. వాళ్లు 86 ఊర్లలో రెండేండ్లు ప్రతి చావునూ రాసుకున్నరు, ఇంటోళ్లను కూసోబెట్టి ఎట్ల పోయిండో అడిగి కారణం తేల్చిన్రు. 2015లో అచ్చయిన లెక్క ప్రకారం అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసింది బీపీ ఎక్కువున్నోళ్లను పట్టే పక్షవాతం, నూటికి 14 చావులు. మలేరియా కాదు, పాము కాదు. అడవిల నడిచే, చేన్లో వంగే జనం ఉన్న గడ్చిరోలిలో! ఇదే గోదారి కిందికి పోయి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలల్ల సముద్రంల కలుస్తది గద, అక్కడ 45 ఊర్లలో 2003-04లో ఇసొంటి లెక్కనే తీసిన్రు. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల రోగాలతోనే. పల్లె మనిషికి ఇవి రావన్న మాట అప్పటికే కాలం తీరిపోయింది.

మరి శ్రమ చేస్తే గుండెకు మంచిదన్నది అబద్ధమా? కాదు. అది ఎట్ల తెలిసిందో చెప్తే నీకు నచ్చుతది. మనం చిన్నప్పుడు హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ బస్సెక్కి పై అంతస్తుకు ఉరికేటోళ్లం, యాదికుందా? లండన్‌లో అవే బస్సులు. జెర్రీ మోరిస్ అనే డాక్టరుకు రెండో ప్రపంచ యుద్ధం అయినంక ఒక సందేహం వచ్చింది. గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నయి, మనిషి చేసే పనితోని దానికి లంకె ఉందా అని. ఒకే బస్సు, ఒకే కంపెనీ, ఒకే తీరు ఇండ్ల నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు. డ్రైవరు పొద్దంతా కూసునే ఉంటడు. కండక్టరు టికెట్లు ఇచ్చుకుంట రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతడు. వేలమందిని లెక్కతీస్తే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా జర ఆలస్యంగ వచ్చింది, అంత తొందరగ ప్రాణం తియ్యలేదు. 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన్రు. పోస్టాఫీసులో ఉత్తరాలు పంచేటోళ్లను, కుర్చీల కూసునే గుమాస్తాలను పోల్చి చూసినా అదే వచ్చింది.

నాకు బాగ నచ్చింది ఆ తరువాతి ముచ్చట. ఎవరైనా అడుగుతరు గద, ముందు నుంచే లావున్నోళ్లే డ్రైవర్లుగ చేరుతున్నరేమో అని. మోరిస్ తనే అడిగిండు. అడిగి ఊకుండలేదు, కంపెనీ ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల సైజుల రికార్డులు తీయించిండు. డ్రైవర్ల నడుములు నిజంగనే పెద్దయి. ఆ సంగతి దాచకుండ 1956లో అచ్చేయించిండు. తన మాటకు అడ్డమొచ్చే లెక్కను తనే ఎతికి బయట పెట్టే మనిషంటే నాకు మస్తు గౌరవం. తన లెక్కను తనే నమ్మి కసరత్తు చేసుకుంట బతికిండు, వందకు ఒక్కేడు తక్కువగ 2009లో పోయిండు.

తరువాత అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవు హమాలీలను ఏండ్ల తరబడి గమనించిండు. బరువులు మోసేటోళ్లకు గుండె చావులు తక్కువ. అంటే పనిలో పడే కష్టం కూడ కాపాడిందన్న మాట. మా పెద్దాయన వాదనే గెలిచినట్టు గద? ఆగు.

2021లో కోపెన్‌హేగన్ నుంచి లక్షా నాలుగు వేల మంది లెక్క వచ్చింది. తీరిక వేళ నడిచే, ఆడే, సైకిలు తొక్కే వాళ్లకు గుండెపోట్లు, చావులు తక్కువ. కూలి కోసం బరువు పని చేసేటోళ్లకు మాత్రం ఎక్కువ. పొగతాగుడు, చదువు, రాబడి అన్నీ లెక్కలో పట్టుకున్నంక కూడ ఎక్కువే. దీన్ని ఎట్ల అర్థం చేసుకోవాలన్నదాని మీద పండితుల మధ్య ఇంక వాదన నడుస్తనే ఉంది. ఒక వివరణ నా మనసుకు తాకింది. గంటసేపు చురుకుగ నడిస్తే గుండె జోరందుకుంటది, తరువాత అంతకన్న నిమ్మళంగ నడుస్తది. ఎనిమిది గంటలు వంగి, ఎత్తి, మోస్తే బీపీ పొద్దంతా ఎక్కే ఉంటది, దిగేందుకు సందు దొరకదు. తెల్లారి మళ్లా అదే. అలసినప్పుడు ఆగే హక్కు కూలి మనిషికి లేదు గద.

కాని డెన్మార్క్ లెక్కను తెచ్చి మా మీద గుద్దుడు కూడ తప్పే. 2017లో 'ప్యూర్' అనే అధ్యయనం వచ్చింది, 17 దేశాలు, లక్షా ముప్పై వేల మంది, అందులో మన దేశపు పల్లెలూ ఉన్నయి. అక్కడ పనికి నడిచినా, ఇంటి పని చేసినా, ఆటాడినా, అన్నిటికీ మేలు కనబడ్డది. నా మటుకు నేను అనుకునేది ఇది: చేన్ల పని పెద్దాయనకు చెడు చెయ్యలేదు, ఆ పని లేకపోతే షుగర్ కూడ తోడయ్యేదేమో. కాని దవడలో ఎప్పుడూ ఖర్రా (వక్క, పొగాకు కలిపి నమిలేది), గంజిలోకి ఉప్పు మిరపకాయ, పండుకునేది నాలుగైదు గంటలు, వీటన్నిటినీ కష్టం ఒక్కటే కడిగెయ్యలేదు. కష్టం చేస్తున్నడు కాబట్టి బీపీ చూడనక్కర లేదనుడే మనుషులను మంచాన పడేస్తున్నది. వాళ్ల చెమటను మెచ్చుకుంటనే వాళ్లను వదిలేస్తున్నం శీనూ. నువ్వు రాసిన మాట నాకు కొట్టింది అందుకే.

ఇంక ఆడోళ్ల సంగతి. "ఏం పని చేస్తవ్ అక్కా" అంటే "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంట" అంటది. ఆశా అక్క ఊకోదు. "పొద్దుగాల బోరింగు కాడికి ఎన్నిసార్లు పోయినవ్? కట్టెలు ఎవరు తెచ్చిన్రు? ఇప్పపువ్వు ఎవరు ఏరుతున్నరు?" అని ఒక్కొక్కటి తీస్తది. అప్పుడు గని నాలుగు గంటల పని బయటపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద సర్వేల ప్రశ్నావళిలో చాన్నాళ్లు ఆపకుండ పది నిమిషాలు చేసిన పనినే లెక్కలోకి తీసుకున్నరు. నీళ్లు తెచ్చి, పిల్లగానికి బువ్వ పెట్టి, చాట చెరిగి, మళ్లా నీళ్లకు పోయే మనిషికి ఆపకుండ పది నిమిషాలు ఎక్కడ దొరుకుతయి? 2020లో మార్గదర్శకాలు మార్చినప్పుడు ఆ పది నిమిషాల షరతు ఎత్తేసిన్రు, ఎంత చేసినా మేలే అన్నరు. నాకు పండుగ లెక్క అనిపించింది. 2024లో వచ్చిన లెక్కలో మన దేశపు పెద్దోళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదని, ఆడోళ్లలో నూటికి 57 మందికి లేదని తేలింది. ఆ అంకె నిజమే కావచ్చు, సిరొంచ బజారు వీధిలో మిక్సీ, నల్లా, బండి వచ్చినంక రోజంతా దుకాణంల కూసునే ఆడోళ్లను, మగోళ్లను నేనే చూస్తున్న. అయినా ఆ 57లో మా బోరింగు కాడి అక్కను ఎవరు ఎట్ల రాసిన్రో అని ప్రతిసారి అనిపిస్తది.

ఇప్పుడు నీ సంగతి. షుగర్ బార్డర్‌లో ఉన్నదంటే అయిపోయిందని కాదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం సరిగ్గ నీలాంటి 531 మందిని తీసుకొని మూడేండ్లు చూసింది, 2006లో వేసిన్రు. మామూలు సలహా ఒక్కటే చెప్పి వదిలేసినోళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్నోళ్లలో 39 మందికే. గోలీ లేకుండ! దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉన్నదని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది, ఆ గుంపులోకి నువ్వు పోవద్దు. ఫోన్ల పదివేల అడుగులు కాలేదని బుగులు పడకు. అమెరికాలో 72 ఏండ్ల సగటు వయసున్న ఆడోళ్లను చూస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేటోళ్ల కన్న 4,400 వేసేటోళ్లలో చావులు చాలా తక్కువ, 7,500 దాటినంక పెద్దగ తేడా లేదు. ఆఫీసు లిఫ్టు వదిలెయ్యి, అన్నం తిన్నంక కుర్చీల పడకు, వదినతోని కలిసి చెరువు గట్టు మీద తిరుగు. నీకు ఆగే హక్కు, నడిచే తీరిక రెండూ ఉన్నయి, వాడుకో.

ఒక పని చెయ్యాలె నువ్వు నాకోసం. మీ బామ్మర్ది భూపాలపల్లి దిక్కు మిర్చి వేస్తడు గద. సంక్రాంతి దాటినంక మా ఊర్ల నుంచి బండ్లకు బండ్లు మిర్చి ఏరేందుకు అటు పోతయి, నెలల తరబడి అక్కడే గుడిసెలు వేసుకుంటరు. ఇక్కడ బుద్ధి చెప్పి గోలీలు మొదలు పెట్టిస్త, అక్కడికి పోయినంక అయిపోతయి, మళ్లా ఎవ్వరూ అడగరు. గోలీ ఆగితే బీపీ మళ్లా ఎక్కుతది. మా కార్డులు మరాఠీలో ఉండుట్ల అక్కడి పీహెచ్‌సీలో చదివేటోళ్లు లేక ఎనుకకు పంపిస్తున్నరట. అందుకే ఈ తాప ప్రతి మనిషి కార్డు ఎనుక గోలీ పేరు, ఎంత డోసు, ఎప్పటి నుంచి అన్నది తెలుగులో రాసి ఇస్తున్న. మీ బామ్మర్ది తన చేన్లో దిగిన కూలోళ్లను ఒక్క పూట, కూలి కొయ్యకుండ, దగ్గరున్న పీహెచ్‌సీకి పంపితే చాలు. ఊర్ల ఇంకో నలుగురు రైతులకు చెప్తే ఇంక మంచిది. ఆ పెద్దాయన కూడ ఈ సారి అటే పోతున్నడు. నాలుగు సార్లు ఇంటికి పోయి బతిమాలితే, ఆయన బిడ్డ గట్టిగ చెప్తే, ఇప్పుడిప్పుడే గోలీ మింగుతున్నడు.

బామ్మర్ది ఫోన్ నంబరు పంపు, నేనే మాట్లాడుత. పండుగ లోపలే జవాబు రాయి, తరువాత బండ్లు ఎక్కుతరు. నీ బీపీ ఎంతో కూడ రాయి, షుగర్ ఒక్కటే రాసినవు.

నీ
సత్తెన్న