గాజు సామాన్ల గదిలో కనిపించిన పెద్దాయనకు

మ్యూజియంలో పాత గాజు సామాన్లు ఓపిగ్గా చూపించిన పెద్దాయనా, మీ పేరు తెలియదు కాబట్టి నలుగురి ముందూ ఇలా చెబుతున్నాను: చాలా థాంక్సండీ.

వంగి ఒక వైన్ గ్లాసు అడుగు చూడమన్నారు. మధ్యలో గరుకు మచ్చ! ఊదిన గ్లాసును పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచి తీసిన చోటట అది. ఎవరి చెయ్యో, ఎంత పనితనమో! పక్క పళ్ళెం మీద మాత్రం సన్నటి అతుకు గీత. అది అచ్చులో నొక్కి చేసింది. 1820ల్లో అమెరికాలో నొక్కుడు యంత్రాలు వచ్చాక అలాంటివి చవకయ్యాయన్నారు. 1674లో ఇంగ్లండ్ గాజు తయారీదారు రేవెన్స్‌క్రాఫ్ట్ పేటెంట్ పొందిన, సీసం (లెడ్) కలిపిన గాజు తళుకు గురించీ చెప్పారు. మీరు ఆపకపోతే ఆ గది చకచకా దాటేసేదాన్ని. మళ్ళీ వస్తానండీ, కట్‌గ్లాస్ జాడీల సంగతి ఇంకా మిగిలే ఉంది.