కుంభకర్ణుడి పేరు గొడవ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. ఇంత ఆలస్యం చేసినందుకు ముందు నాలుగు తిట్టు, తర్వాత క్షమించు. ఇంట్లో అందరూ కులాసా. చెల్లి ఉద్యోగంలో చేరింది, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. మిగతావి ఇంకోసారి. ఇప్పుడు చెప్పబోయేది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఆఫీసులో కంప్యూటర్లు కొన్నే, సగం లినక్స్, సగం విండోస్. అందులో పాత బిల్లులన్నీ ఉన్న విండోస్ 7 సిస్టమ్‌కి కుంభకర్ణ అని పేరు పెట్టాను. ఎవరి గుర్తుగానో నీకు వేరే చెప్పాలా! వాడికి మాత్రం ఈ ఉత్తరం చూపించకు. నా లినక్స్ సిస్టమ్ నుంచి రోజూ రాత్రి దాన్లోకి బ్యాకప్ వెళ్లాలి. వెళ్లట్లేదు. అలాంటి పేరే తెలియదని ఎర్రర్.

ఐపీ అడ్రసుతో (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు) పింగ్ కొడితే, అంటే ‘ఉన్నావా’ అని పిలిస్తే, పలుకుతోంది. ఉత్త ‘కుంభకర్ణ’ అని కొట్టినా పలుకుతోంది. ‘కుంభకర్ణ డాట్ లోకల్’ అని పూర్తి పేరు ఇస్తేనే తెలియదంటోంది. పేరు ఇస్తే అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్ మా రూటర్‌లో పాడైందేమోనని ఎన్‌ఎస్‌లుకప్ అనే కమాండ్ కొట్టాను. అదే పూర్తి పేరుకి ఠక్కున సరైన అడ్రసు చెప్పింది! ఒకే సిస్టమ్, ఒకే పేరు, ఒక కమాండ్ ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది. నాకు పిచ్చెక్కిందిరా.

అసలు కిటుకు ఇక్కడుంది. ఎన్‌ఎస్‌లుకప్, డిగ్ లాంటివి నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతాయి. పింగ్, బ్యాకప్, బ్రౌజర్ లాంటివి అలా కాదు, సిస్టమ్ లైబ్రరీని అడుగుతాయి. అది ఈటీసీ అనే ఫోల్డర్లో ఉన్న ఎన్‌ఎస్‌స్విచ్ ఫైలు తెరిచి, ఎవరిని ముందు అడగాలో, ఎవరిని తర్వాత అడగాలో చూసుకుంటుంది. కాబట్టి లినక్స్‌లో పేరు దొరుకుతోందా లేదా అని చూడాలంటే గెటెంట్ హోస్ట్స్ అనే కమాండ్ కొట్టాలి. ఇది రాసిపెట్టుకో, ఎన్‌ఎస్‌లుకప్‌ని నమ్ముకుని రాత్రుళ్లు పాడుచేసుకోకు.

ఆ ఫైల్లో హోస్ట్స్ అనే వరస చూశాను. మొదట ఫైల్స్, అంటే పేర్లూ అడ్రసులూ చేత్తో రాసుకునే మన పాత హోస్ట్స్ ఫైలు. తర్వాత ఎండీఎన్‌ఎస్4 మినిమల్, అంటే సర్వర్ లేకుండా సిస్టమ్‌లే ఒకదానికొకటి అడ్రసులు చెప్పుకునే ఎండీఎన్‌ఎస్ పద్ధతి. దాని పక్కన చదరపు బ్రాకెట్లలో ‘నాట్ ఫౌండ్ అయితే రిటర్న్’ అనే షరతు. చివర డీఎన్‌ఎస్. చూశావా! పేరు చివర డాట్ లోకల్ ఉంటే చాలు, ప్రశ్న ఎండీఎన్‌ఎస్‌కి వెళ్తుంది. అది 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రసుకి, 5353 పోర్టులో, “ఈ పేరు ఎవరిది?” అని నెట్‌వర్క్ అంతటినీ అడుగుతుంది. ఎవరి పేరుకి వాళ్లే జవాబివ్వాలి. విండోస్ 7లో ఎండీఎన్‌ఎస్ లేనే లేదు, అలాంటివాటిలో దానికి తెలిసినవి నెట్‌బయోస్, ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ అనే వేరే పద్ధతులు. కుంభకర్ణుడు నిద్రపోవట్లేదురా, వాడికి ఆ భాషే రాదు! జవాబు రాలేదు కాబట్టి నాట్ ఫౌండ్, వెంటనే రిటర్న్. వరసలో ఆఖర్న ఉన్న డీఎన్‌ఎస్‌ని అడిగిందే లేదు. పొట్టి పేరులో లోకల్ లేదు కాబట్టి అది ఎండీఎన్‌ఎస్‌ని దాటేసి డీఎన్‌ఎస్‌కి వెళ్లి, అక్కడ సెర్చ్ డొమైన్, అంటే మా నెట్‌వర్క్ ఇంటిపేరు లాంటి ‘లోకల్’, చివర తగిలించుకుని దొరికింది.

ఇదంతా అర్థమైన క్షణాన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. తర్వాత కోపం వచ్చింది. ఎప్పుడో ఎవరో మా నెట్‌వర్క్ డొమైన్‌కి లోకల్ అని పెట్టి వెళ్లిపోయారు. వాళ్లనీ ఏమనలేం, ఒకప్పుడు విండోస్ సర్వర్లు పెట్టేవాళ్లలో అది మామూలే. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆ పేరుని ఎండీఎన్‌ఎస్‌కే కేటాయించింది. ఇళ్లలో ఉండే చిన్న నెట్‌వర్క్‌ల కోసం 2018లో హోమ్ డాట్ ఆర్పా అని వేరే ఇచ్చారు, ఆర్‌ఎఫ్‌సీ 8375.

ఎన్‌ఎస్‌స్విచ్‌లో వరస తారుమారు చేసినా పని జరిగేది. కానీ ప్రతి లినక్స్ సిస్టమ్‌లోనూ మార్చాలి, కొత్తది వస్తే మళ్లీ మార్చాలి. నాకది నచ్చలేదు. నువ్వు ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్ పట్టుకుని హోస్ట్స్ ఫైలు ఒక్కో సిస్టమ్‌కీ మోసినట్టే అవుతుంది (పదిహేడో నంబర్ సిస్టమ్ గుర్తుందా?). ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో కూడా అచ్చంగా అదే పనిరా! ఒకేచోట రాసిన హోస్ట్స్ ఫైలు అందరూ తెచ్చుకునేవాళ్లు, ఆ బాధ పడలేకే 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్‌ఎస్ తయారుచేశాడు.

అందుకని రూటర్‌లో ఉన్న డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌లోనే డొమైన్‌ని లోకల్ నుంచి హోమ్ డాట్ ఆర్పాకి మార్చేశాను. అడ్రసులు పంచేదీ అదే, పేర్లు చెప్పేదీ అదే కాబట్టి ఏ సిస్టమ్ చేరినా పేరు దానంతటదే నమోదవుతుంది. హోమ్ డాట్ ఆర్పా ప్రశ్నలు బయటికి పోకుండా ‘లోకల్’ అనే సెట్టింగ్ (పేరు కలిసిందంతే, ఆ పాత డొమైన్ కాదు) కూడా పెట్టాను. విండోస్‌లో కొత్త వివరాలు తెచ్చుకోవడానికి ఐపీకాన్ఫిగ్ రెన్యూ, పాతవి మర్చిపోవడానికి ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టాను. బ్యాకప్ స్క్రిప్ట్‌లో పేరు మార్చి గెటెంట్ కొడితే అడ్రసు వచ్చేసిందిరా! ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇంకోటి, విండోస్ పేర్లు పదిహేను అక్షరాలు దాటితే నెట్‌బయోస్ దగ్గర తోక తెగిపోతుంది. నువ్వు నీ సర్వర్‌కి పెట్టిన ఆ మహా బిరుదు ఒకసారి లెక్కపెట్టు, నాకు అనుమానంగానే

ఉండు, ప్రింటర్ దొరకట్లేదని పిలుస్తున్నారు. అది కూడా పాత లోకల్ పేరునే పట్టుకుని ఉన్నట్టుంది. వెళ్తున్నా.

నీ
రఘు